క్షేత్ర పరికరాలకు వైర్‌లెస్ నెట్‌వర్క్: తీగ లేకున్నా కొలత ఆగకూడదంటే

కర్మాగారాలలో ట్యాంకులు, పైపులైన్లు, బాయిలర్లు, పంపుల వద్ద అమర్చి ఉష్ణోగ్రతను, పీడనాన్ని, ద్రవ మట్టాన్ని, ప్రవాహాన్ని కొలిచే పరికరాలను క్షేత్ర పరికరాలని వ్యవహరిస్తారు. కంట్రోల్ రూంలో కూర్చున్న ఆపరేటరుకు ఇవే కళ్లు, ఇవే చెవులు. ఈ పరికరాలను కంట్రోల్ రూంతో కలపడానికి దశాబ్దాలుగా రాగి తీగనే వాడుతూ వచ్చారు. కొంతకాలంగా అనేక పరిశ్రమలలో ఆ పనిలో కొంత భాగాన్ని రేడియో తరంగాలు అందుకుంటున్నాయి. తీగ లాగడానికి వీలులేని చోట, లాగినా ఖర్చు గిట్టని చోట వైర్‌లెస్ పరికరం సులువుగా అమరుతుంది. అయితే అమరికలోని ఈ సులువే ముందస్తు ప్రణాళిక అక్కరలేదన్న భ్రమకు తావిస్తున్నది. పారిశ్రామిక భద్రతను పర్యవేక్షించే అధికారులకు, ఆ విషయాలపై వార్తలు రాసే పాత్రికేయులకు ఈ నెట్‌వర్కులు ఎలా పనిచేస్తాయో, ఎక్కడ తప్పుతాయో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కొలత లేని చోటు, కదలని కొలత

2020 మే 7వ తేదీ తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది ప్రాణాలు కోల్పోయిన విషయం విదితమే. ఈ దుర్ఘటనపై నీరభ్ కుమార్ ప్రసాద్ అధ్యక్షతన రాష్ట్ర ప్రభుత్వం నియమించిన ఉన్నతస్థాయి కమిటీ అదే సంవత్సరం జూలై 6న నివేదిక సమర్పించింది. కమిటీ ఎత్తిచూపిన లోపాలు అనేకం. వాటిలో ఒకటి ఈ వ్యాసానికి నేరుగా సంబంధించినది. ప్రమాదానికి మూలమైన ఎం-6 ట్యాంకులో ఉష్ణోగ్రతను అడుగు భాగాన మాత్రమే కొలుస్తున్నారు. నడిమి పొరలోనూ పై పొరలోనూ కొలత లేదు. స్టైరీన్ నిలవ ఉన్నప్పుడు తనంత తానుగా పాలిమర్‌గా మారే స్వభావం కలది. ఆ మార్పులో వేడి పుడుతుంది, పుట్టిన వేడి ఆ మార్పును మరింత వేగవంతం చేస్తుంది. పై పొరలు కాగుతున్నా అడుగున ఉన్న పరికరం తన దగ్గరి చల్లదనాన్నే చెబుతుంది. అది అబద్ధమాడలేదు, తనను అడిగినంతవరకే చెప్పింది.

ఇందుకు భిన్నమైన ఉదాహరణ ఇంగ్లండులో ఉన్నది. లండన్‌కు ఉత్తరాన హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లోని బన్స్‌ఫీల్డ్ చమురు డిపోలో 2005 డిసెంబర్ 11వ తేదీ ఆదివారం ఉదయం 6 గంటల 1 నిమిషానికి భారీ పేలుడు సంభవించింది. 912వ నంబరు ట్యాంకులోకి పైపులైను ద్వారా పెట్రోలు నింపుతుండగా తెల్లవారుజామున సుమారు 3 గంటల ప్రాంతంలో మట్టం చూపే గేజి నిలిచిపోయింది. పెట్రోలు ఎక్కుతూనే ఉన్నది, తెరపై అంకె మాత్రం కదలలేదు. అదనపు రక్షణగా పెట్టిన గరిష్ఠ మట్టపు స్విచ్ కూడా పనిచేయలేదు. ట్యాంకు పొంగి పొర్లి, పెట్రోలు ఆవిరి మేఘంలా కమ్మి అంటుకున్నది. 40 మందికి పైగా గాయపడ్డారు. ఆదివారం తెల్లవారుజాము కావడం వల్లనే ప్రాణనష్టం తప్పింది. మరమ్మతు తర్వాత ఆగస్టు 31న ఆ ట్యాంకును తిరిగి వాడకంలోకి తెచ్చిన నాటి నుంచి ప్రమాదం జరిగే నాటికి ఆ గేజి 14 సార్లు ఇరుక్కుపోయిందని అనంతరం జరిగిన విచారణలో తేలింది.

ఈ రెండు ఘటనలలోనూ వైర్‌లెస్ ప్రమేయం ఏ మాత్రం లేదన్నది ముందుగా గమనించవలసిన విషయం. అయినప్పటికీ వైర్‌లెస్ ప్రణాళికలో పందెం ఏమిటో ఈ రెండూ కలిసి చెబుతాయి. మొదటి చోట కొలత ఉండవలసిన స్థానంలో కొలతే లేదు. రెండవ చోట కొలత ఉన్నది గాని, అది ఆగిపోయిన సంగతి చూసేవారికి తెలియలేదు. వైర్‌లెస్ పరికరాలు మొదటి లోపాన్ని తక్కువ ఖర్చుతో, తక్కువ కాలంలో పూరించగలవు. ప్రణాళిక లేకుండా పెడితే రెండవ లోపాన్ని పదింతలు చేయగలవు.

పాత ట్యాంకుపై మరో ఉష్ణోగ్రత కొలత పెట్టాలంటే తీగల పద్ధతిలో ఏమేమి అవసరమో చూస్తే ఈ మాట బోధపడుతుంది. కందకం తవ్వాలి లేదా కేబుల్ ట్రే వేయాలి. జంక్షన్ బాక్సులో ఖాళీ ఉండాలి. మండే పదార్థాలున్న ప్రాంతంలో పనికి పర్మిట్లు తీసుకోవాలి. కంట్రోల్ రూంలోని కార్డులో చోటు మిగిలి ఉండాలి. ఇన్ని కలిసేసరికి ఆ కొలత వచ్చే ఏడాది బడ్జెట్‌కు వాయిదా పడుతుంది. వైర్‌లెస్ పరికరానికి వీటిలో అధికభాగం అక్కరలేదు. ఒక్క విషయం మాత్రం మారదు. ట్యాంకు లోపలి వేడిని కొలవాలంటే కొలత కడ్డీ లోపలికి పోయే మార్గం ఉండాలి, ఆ పని రేడియో చేసిపెట్టదు. శీతలీకరణ, పాలిమర్‌గా మారకుండా ఆపే రసాయనం వంటి అసలు రక్షణలకు కూడా కొలత ప్రత్యామ్నాయం కాదు.

చేయి మార్చే కబురు

కర్మాగారపు తీగలో చాలాకాలంగా ప్రవహిస్తున్నది 4 నుంచి 20 మిల్లీ ఆంపియర్ల విద్యుత్తు. ట్యాంకు ఖాళీ అయితే 4, నిండితే 20 అన్నట్లు ఈ కరెంటు హెచ్చుతగ్గులే కొలతను తెలుపుతాయి. ఈ పద్ధతిలోని తెలివి కింది హద్దును సున్న దగ్గర పెట్టకపోవడంలో ఉన్నది. తీగ తెగితే కరెంటు సున్నకు పడిపోతుంది, సున్న అన్నది ఏ కొలతా కాదు కనుక తీగ తెగిన సంగతి వెంటనే బయటపడుతుంది. వైర్‌లెస్‌కు మారేటప్పుడు పోగొట్టుకోకూడని గుణం ఇదే.

1980ల మధ్యలో ఇదే తీగపై అంకెల రూపంలో అదనపు సమాచారాన్ని కూడా పంపే హార్ట్ అనే పద్ధతి వచ్చింది. దానికి రేడియో రూపమే వైర్‌లెస్ హార్ట్. 2007లో దీని ప్రమాణం వెలువడగా, 2010లో అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ 62591 సంఖ్యతో దానిని అంతర్జాతీయ ప్రమాణంగా ఆమోదించింది. ఐఎస్‌ఏ 100.11ఎ అనే మరో ప్రమాణం 2009లో రూపొంది, 2014లో 62734 సంఖ్యతో అంతర్జాతీయ గుర్తింపు పొందింది. ఈ రెండూ 2.4 గిగాహెర్ట్జ్ పౌనఃపున్యంలో, ఐఈఈఈ 802.15.4 అనే ఒకే రేడియో పునాదిపై నడిచినా ఒకదాని మాట మరొకదానికి అర్థం కాదు. కర్మాగారం ఏదో ఒకదానిని ఎంచుకొని దానికి కట్టుబడవలసి ఉంటుంది.

కాలువ పనులలో కూలీలు వరుసగా నిలబడి మట్టి తట్టలను చేయి మార్చి అందించుకోవడం తెలుగువారందరూ చూసిన దృశ్యమే. వైర్‌లెస్ హార్ట్‌లో కొలత కూడా అలాగే ప్రయాణిస్తుంది. ప్రతి పరికరం తన కొలతను తాను పంపుతూనే, పొరుగు పరికరం పంపిన దానిని కూడా ముందుకు అందిస్తుంది. చివరకు అవన్నీ గేట్‌వే అనే కేంద్రానికి చేరి అక్కడి నుంచి కంట్రోల్ సిస్టంలోకి వెళతాయి. (గేట్‌వేను ముఖద్వారమని తెలుగు చేయవచ్చు గాని కర్మాగారంలో ఆ మాట పలికితే సెక్యూరిటీ వారి గదిని చూపిస్తారు కనుక ఇక్కడ గేట్‌వే అనే వాడడమైనది.) కూలీల వరుసకూ దీనికీ ఒక తేడా ఉన్నది. వరుసలో ఒకరు తప్పుకుంటే తట్ట ఆగుతుంది. ఇక్కడ ఒక దారి మూసుకుంటే కొలత మరో పొరుగు పరికరం మీదుగా వెళుతుంది, అలాంటి మరో పొరుగు ఉన్నప్పుడు మాత్రమే. ప్రణాళిక అంతా ఆ చివరి మాట చుట్టూనే తిరుగుతుంది.

కాలాన్ని సెకనులో నూరోవంతు చొప్పున, అంటే 10 మిల్లీ సెకన్ల గడులుగా విభజించి ఏ గడిలో ఎవరు పలకాలో ముందే నిర్ణయిస్తారు. పలికిన ప్రతిసారీ 15 ఛానళ్లలో ఒక దాని నుంచి మరొక దానికి దూకుతారు. అందినట్లు అవతలి నుంచి జవాబు రాకపోతే మరో ఛానల్‌లో, మరో దారిలో తిరిగి పంపుతారు. ఈ దూకుడు వల్లనే ఒక ఛానల్‌లో రొద ఉన్నా కొలత గట్టెక్కుతుంది.

లైసెన్సు అక్కరలేదు, రక్షణా లేదు

మన దేశంలో 2400 నుంచి 2483.5 మెగాహెర్ట్జ్ వరకు గల పౌనఃపున్యాలలో నిర్ణీత శక్తికి లోబడిన పరికరాలను లైసెన్సు లేకుండా వాడుకునేందుకు కేంద్ర ప్రభుత్వం 2005 జనవరిలో నోటిఫికేషన్ ద్వారా అనుమతించింది. పరికరపు మోడల్‌కు టెలికం శాఖలోని వైర్‌లెస్ ప్లానింగ్ అండ్ కోఆర్డినేషన్ విభాగం నుంచి ఎక్విప్‌మెంట్ టైప్ అప్రూవల్ ఉండడం అవసరం. పేలుడుకు ఆస్కారమున్న ప్రాంతాలలో పెట్టే పరికరానికి దీనితోపాటు పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ పెసో ఆమోదం కూడా ఉండాలి. రేడియో ఆమోదం ఉన్నంత మాత్రాన పెసో ఆమోదం ఉన్నట్లు కాదు, అలాగే పెసో ఆమోదం ఉంటే రేడియో ఆమోదం ఉన్నట్లూ కాదు. తనిఖీలలో రెండు పత్రాలను విడివిడిగా అడగడం మంచిది.

లైసెన్సు మినహాయింపులో మరో షరతు కూడా ఇమిడి ఉన్నది. ఈ పౌనఃపున్యాన్ని అందరూ పంచుకోవలసిందే, ఇతరుల నుంచి వచ్చే అంతరాయంపై ఫిర్యాదు చేసే హక్కు ఎవరికీ లేదు. కార్యాలయంలోని వై-ఫై, గేటు దగ్గరి కెమెరాలు, క్యాంటీన్‌లోని మైక్రోవేవ్ పొయ్యి అన్నీ ఇక్కడే మెలుగుతాయి. ఒక్క వై-ఫై ఛానల్ వైర్‌లెస్ హార్ట్ వాడే ఛానళ్లలో నాలుగింటిని కప్పేస్తుంది. మూడు వై-ఫై ఛానళ్లు ఒకేచోట పూర్తి బలంతో నడుస్తుంటే 15 ఛానళ్లలో మిగిలేవి కొద్ది మాత్రమే. కనుక కంప్యూటర్ విభాగం వారు వై-ఫై పెట్టే ముందు, ఇన్‌స్ట్రుమెంటేషన్ విభాగం వారు వైర్‌లెస్ పరికరాలు పెట్టే ముందు ఒకరినొకరు సంప్రదించుకోవాలి. చెప్పడానికి ఇది చిన్న మాట. ఆచరణలో ఈ రెండు విభాగాలు వేర్వేరు అధికారుల కింద, వేర్వేరు భవనాలలో ఉంటాయి.

నక్షా మీద మొదలు

నెట్‌వర్క్ ప్రణాళిక కర్మాగారపు కొలతలకు సరిపడిన నక్షాతో మొదలవుతుంది. కొలత కావలసిన ప్రతి స్థానాన్ని దానిపై గుర్తిస్తారు. తర్వాత ఒక్కో పరికరం చుట్టూ దాని మాట వినిపించే మేర ఒక వృత్తాన్ని గీస్తారు. తయారీదారులు ప్రకటనలలో చెప్పే దూరాలను ఇక్కడ నమ్మరాదు. ఆ దూరాలు ఆరుబయట, అడ్డులేని చోట కొలిచినవి. పరిశ్రమలో స్థిరపడిన ఇంజనీరింగ్ మార్గదర్శకాల ప్రకారం, వాహనం దూరలేనంత దట్టంగా యంత్రాలు, పైపులు ఉన్న చోట ఒక పరికరం నుంచి మరొక దానికి 30 మీటర్లకు మించి లెక్కించరాదు. యంత్రాల నడుమ జాగా ఉన్న ప్రాంతాలలో 75 మీటర్ల వరకు, ట్యాంకులు దూరదూరంగా ఉండే నిలవ ప్రాంగణాలలో 150 మీటర్ల వరకు తీసుకోవచ్చు. అడ్డు ఏమీ లేకుండా, పరికరాలు ఎత్తున ఉండి ఒకదానికొకటి కనిపించే చోట మాత్రమే సుమారు 230 మీటర్లు.

వృత్తాలు గీసిన తర్వాత చూడవలసిన మొదటి విషయం పొరుగు. ప్రతి పరికరానికీ దాని వృత్తంలో కనీసం మూడు పొరుగు పరికరాలు ఉండాలన్నది సాధారణ నియమం. ఒకటి చెడిపోయినా, మరొకదానికి అడ్డు వచ్చినా మూడవ దారి మిగలాలన్నది ఇందులోని ఆంతర్యం. రెండవది, మొత్తం పరికరాలలో కనీసం నాలుగో వంతు నేరుగా గేట్‌వేకు వినిపించాలి. ఇది లోపిస్తే దూరాన ఉన్న యాభై పరికరాల భారమంతా గేట్‌వే దగ్గరున్న రెండు మూడింటి మీద పడుతుంది. సంత రోజున ఊరికి ఒక్కటే వంతెన ఉన్నట్లు అక్కడ రద్దీ ఏర్పడుతుంది, ఆ రెండు మూడింటి బ్యాటరీలు మిగతా వాటికంటే ముందే అయిపోతాయి. అవి ఆగిన రోజున దూరాన ఉన్నవి బాగానే ఉండి కూడా మూగబోతాయి.

మూడవది, అయిదు పరికరాలకన్నా తక్కువతో నెట్‌వర్క్ పెట్టకపోవడం. రెండు పరికరాలు పెట్టి పరీక్షించి, సంకేతం సరిగా అందడం లేదని మొత్తం విధానాన్నే పక్కన పెట్టిన సందర్భాలు ఈ రంగంలో పనిచేసేవారికి తెలియనివి కావు. ఈ నెట్‌వర్క్ స్వభావం పరికరాలు పెరిగేకొద్దీ బలపడడం, పొరుగు లేని పరికరం ఎంత ఖరీదైనదైనా ఒంటరిదే. కొలత అవసరం లేకపోయినా మధ్యలో కబురు అందించడానికే రెండు పరికరాలు అదనంగా పెట్టవలసి వస్తే ఆ ఖర్చు వృథా కాదు. ఖర్చుల తనిఖీలో మొట్టమొదట కోత పడేది కూడా వీటికే.

నక్షా సిద్ధమయ్యాక దానిని పరీక్షకు పెట్టవచ్చు. మూడు పొరుగులకు బదులు నాలుగు ఉండాలని నియమాన్ని బిగించి, ఏ పరికరాలు ఆ నియమానికి అందడం లేదో చూస్తే బలహీనమైన మూలలు బయటపడతాయి. కాగితం మీద గంటసేపు చేసే ఈ పని, పరికరాలు బిగించాక నెలల తరబడి చేసే దిద్దుబాట్లను తప్పిస్తుంది.

నక్షా చూపనివి

నక్షా రెండు దిక్కులనే చూపుతుంది, కర్మాగారం మూడు దిక్కులా ఉంటుంది. ఉక్కు ట్యాంకు గోడ రేడియో తరంగాన్ని దాటనివ్వదు. ట్యాంకుకు ఒకవైపు పెట్టిన పరికరం రెండోవైపు ఉన్న దానికి వినిపించకపోవచ్చు, నక్షాలో మాత్రం రెండూ పది మీటర్ల దూరంలోనే కనిపిస్తాయి. యాంటెన్నా నిటారుగా, గోడకు, పెద్ద లోహపు తలానికి కనీసం అర మీటరు ఎడంగా ఉండాలి. పరికరాన్ని బిగించే ఫిట్టర్ తనకు చేయి అందే చోట, ఎండ తగలని చోట బిగిస్తాడు. అది తప్పు కాదు, యాంటెన్నా సంగతి అతనికి ముందే చెప్పకపోవడమే తప్పు.

మరికొన్ని అడ్డంకులు వచ్చిపోయేవి. లోడింగు కోసం వరుసగా నిలబడే ట్యాంకర్ లారీలు, షట్‌డౌన్ సమయంలో నెలరోజులు నిలిచే పరంజా, వర్షాకాలం తర్వాత గుబురుగా పెరిగిన చెట్లు ఈ కోవకు చెందినవి. తడి ఆకులు 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను గణనీయంగా మింగేస్తాయి. మార్చి నెలలో పరీక్షించి బాగున్నదని సంతకం చేసిన నెట్‌వర్క్ సెప్టెంబరులో నత్తనడక నడిస్తే పరికరాలను అనుమానించే ముందు చెట్లను చూడడం అవసరం. విశాఖపట్నం, కాకినాడ వంటి తీర ప్రాంతాలలో ఉప్పుగాలి వల్ల యాంటెన్నా కనెక్టర్లు తుప్పు పట్టే సమస్య కూడా ఉన్నది. సరిగా మూయని కనెక్టర్‌లోకి చెమ్మ చేరితే పరికరం పనిచేస్తూనే ఉంటుంది, గొంతు మాత్రం తగ్గుతుంది.

గేట్‌వే విషయంలో ఒక మాట. పరికరాలకు తీగలు లేకపోయినా గేట్‌వేకు కరెంటు కావాలి. కర్మాగారమంతటికీ యూపీఎస్ ఉండి గేట్‌వేను మాత్రం పక్కనున్న మామూలు ప్లగ్గులో పెట్టడం విడ్డూరంగా తోచవచ్చు, కానీ తరువాత చేర్చిన పరికరాల విషయంలో ఇలాంటివి జరగడానికి ఎక్కువ అవకాశం ఉన్నది. కరెంటు పోయిన క్షణంలోనే కొలతల అవసరం అధికం. భద్రతకు ముఖ్యమైన చోట రెండు గేట్‌వేలు, రెండింటికీ వేర్వేరు విద్యుత్ సరఫరా ఉండేలా చూడడం ఉచితం.

ఎంత తరచుగా?

వైర్‌లెస్ పరికరం తన కొలతను సెకనుకొకసారి మొదలుకొని గంటకొకసారి వరకు ఎంత తరచుగానైనా పంపేలా అమర్చవచ్చు. తరచుగా పంపితే సమాచారం తాజాగా ఉంటుంది, బ్యాటరీ త్వరగా అయిపోతుంది. తక్కువసార్లు పంపే పరికరాలకు పదేళ్ల వరకు బ్యాటరీ మన్నుతుందని తయారీదారులు చెబుతారు. ఆ లెక్క మితమైన వేడిలో వేసినది. రామగుండం, రెంటచింతల ఎండలలో, అందునా బాయిలర్ పక్కన బిగించిన పరికరానికి ఆ లెక్క వర్తించదు. ఈ పరికరాలలో వాడే లిథియం బ్యాటరీలు అధిక వేడికి వాడకం లేకుండానే కొంత శక్తిని కోల్పోతాయి.

ఎంత తరచుగా అన్న ప్రశ్నకు బ్యాటరీని బట్టి కాక, కొలిచే వస్తువును బట్టి జవాబు చెప్పాలి. పర్యవేక్షణకు మాత్రమే వాడే కొలతైతే, ఆ వస్తువులో మార్పు ఎంత కాలంలో వస్తుందో దానికి మూడు నాలుగింతల వేగంతో కొలత అందాలన్నది ఒక వాడుక సూత్రం. పెద్ద ట్యాంకులోని ఉష్ణోగ్రత నిమిషాలు, గంటల మీద మారుతుంది కనుక నిమిషానికొక కొలత చాలవచ్చు. కంప్రెసర్ పీడనం సెకన్లలో మారుతుంది, దానికి నిమిషానికొకసారి అన్నది కొలత లేకపోవడంతో సమానం.

నమ్మకాన్ని శాతాలలో చెప్పే అలవాటు గురించి ఇక్కడ కొంత వివరణ అవసరం. నిమిషానికి ఒకటి చొప్పున రోజుకు 1440 కొలతలు రావాలి. నెట్‌వర్క్ 99 శాతం నమ్మకమైనదంటే రోజుకు సుమారు 14 కొలతలు రాలేదన్న మాట. ఆ 14 రోజంతా అక్కడొకటి ఇక్కడొకటిగా రాలితే ఏ నష్టమూ లేదు. 14 ఒకే వరుసలో పోతే ఆ ట్యాంకు 14 నిమిషాలు చీకటిలో ఉన్నట్లు. నివేదికలో రెంటికీ శాతం ఒక్కటే. కనుక పరిశ్రమ ప్రతినిధి 99 శాతమని చెప్పినప్పుడు, వరుసగా ఎన్ని కొలతలు పోయాయి అన్నది అడగవలసిన రెండవ ప్రశ్న.

ఆగిపోయిన అంకె

ప్రణాళికలలో అధికంగా విస్మరణకు గురయ్యే అంశం నెట్‌వర్క్ చివరి మెట్టులో ఉన్నది. కొలత రానప్పుడు తెర మీద ఏమి కనిపిస్తుంది? గేట్‌వే నుంచి కంట్రోల్ సిస్టంకు సాధారణంగా మోడ్‌బస్ వంటి పాత పద్ధతులలో అంకెలు వెళతాయి. అంకెను మాత్రమే కలిపి, ఆ అంకె మంచిదా, పాతబడినదా అని తెలిపే స్థితి సూచికను కలపకుండా వదిలేస్తే, పరికరం మూగబోయినా చివరిసారి వచ్చిన అంకె తెరపై నిశ్చలంగా నిలిచి ఉండే ప్రమాదమున్నది. బన్స్‌ఫీల్డ్ ఆపరేటరు చూసినది అలాంటి అంకెనే, అక్కడ కారణం వేరైనప్పటికీ. తీగ తెగితే సున్న చూపే పాత పద్ధతిలోని సుగుణం ఇక్కడ ఎవరూ తీసివేయకుండానే మాయమవుతుంది.

దీనికి పరిష్కారం ఖరీదైనది కాదు. ప్రతి కొలతతోపాటు దాని స్థితిని, వచ్చిన సమయాన్ని కూడా కంట్రోల్ సిస్టంలోకి తీసుకోవాలి. నిర్ణీత సంఖ్యలో, ఉదాహరణకు మూడు కొలతలు వరుసగా రాకపోతే అంకె రంగు మారి అలారం మోగాలి. ఆ అలారం వస్తే ఆపరేటరు ఏమి చేయాలో, ఎవరిని ట్యాంకు దగ్గరకు పంపాలో రాతపూర్వకంగా ఉండాలి. ఆ కాగితం లేకపోతే అలారాన్ని నొక్కి ఆపివేయడం అలవాటవుతుంది.

వైర్‌లెస్‌కు అప్పగించకూడనివి

ఐఎస్‌ఏ సంస్థ పారిశ్రామిక వైర్‌లెస్ వినియోగాన్ని 0 నుంచి 5 వరకు ఆరు తరగతులుగా విభజించింది. 5 అంటే కేవలం లెక్క రాసుకోవడానికి వాడే సమాచారం, 4 అంటే హెచ్చరికలు. 3లో మనిషి చూసి నిర్ణయం తీసుకుంటాడు. 2, 1 తరగతులలో యంత్రమే నియంత్రణ చేస్తుంది. 0 అంటే ప్రమాద సమయంలో ప్లాంటును ఆపివేసే అత్యవసర చర్య. క్షేత్ర పరికరాల వైర్‌లెస్ సుస్థిరంగా నిలదొక్కుకున్నది 5, 4, 3 తరగతులలో. అత్యవసరంగా ప్లాంటును ఆపే వ్యవస్థను తీగ మీదనే ఉంచడం ఇప్పటికీ వివేకవంతమైన ఆచారం. తీగల ఖర్చు తగ్గించుకునేందుకు ఈ గీతను కిందికి జరపాలన్న ప్రతిపాదన వస్తే దానికి భద్రతా అధ్యయనం తోడుగా ఉన్నదో లేదో చూడాలి.

రేడియో తరంగానికి ప్రహరీ గోడ అడ్డు కాదు కనుక సమాచార భద్రత గురించి సందేహాలు సహజం. వైర్‌లెస్ హార్ట్‌లో సమాచారమంతా 128 బిట్ల ఏఈఎస్ గుప్తీకరణతో ప్రయాణిస్తుంది, ఇది బలహీనమైనది కాదు. నెట్‌వర్క్‌లో చేరడానికి ప్రతి పరికరానికీ ఒక రహస్య సంకేతం ఇస్తారు. అన్ని పరికరాలకూ ఒకే సంకేతం ఇచ్చి, దానిని ఎక్సెల్ పట్టికలో రాసి, ఆ పట్టికను కాంట్రాక్టర్ ల్యాప్‌టాప్‌లో వదిలేయడంలో అసలు బలహీనత ఉన్నది. పరికరానికొక సంకేతం చొప్పున ఇవ్వడం, పని ముగిశాక వాటిని మార్చడం అవసరం. నిర్దేశించిన కోవలకు చెందిన సైబర్ ఘటనలను గుర్తించిన 6 గంటలలోగా తెలియజేయాలని సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఆదేశాలు జారీచేసింది. కంట్రోల్ రూంలకు ఈ ఆదేశం వర్తింపును ఎవరు చూస్తున్నారన్నది ప్రతి యాజమాన్యం ముందుగానే తేల్చుకోవలసిన అంశం.

నిర్వహణ ఎవరిది?

నెట్‌వర్క్ ప్రారంభమైన రోజున సాధారణంగా అన్నీ పచ్చగానే కనిపిస్తాయి. ఆ తర్వాత పరికరాలు చేరుతుంటాయి, కొన్ని స్థలం మారుతుంటాయి, కొత్త షెడ్డు లేస్తుంది. ఏ పరికరానికి ఎన్ని పొరుగులున్నాయి, సంకేతం ఎంత బలంగా ఉన్నది, బ్యాటరీ ఎంత మిగిలింది అన్న వివరాలను గేట్‌వే ఎప్పటికప్పుడు నమోదు చేస్తూనే ఉంటుంది. వాటిని నెలకొకసారి తెరిచి చూసే బాధ్యతను పేరుపెట్టి ఒక ఉద్యోగికి అప్పగించనంతవరకు ఆ నమోదు వల్ల ప్రయోజనం లేదు. వందలాది పరికరాల బ్యాటరీలు ఒకే ఏడాది కొన్నవైతే దాదాపు ఒకే కాలంలో అయిపోతాయన్న విషయాన్ని కూడా స్టోర్స్ విభాగం ముందే గుర్తించాలి.

తనిఖీకి వెళ్లిన అధికారి నిపుణుడు కాకపోయినా చేయించగల పరీక్ష ఒకటి ఉన్నది. యాజమాన్యం అనుమతితో, ఉత్పత్తికి ఆటంకం లేని ఒక వైర్‌లెస్ పరికరం బ్యాటరీని తీయించి, కంట్రోల్ రూంలోని తెర ముందు గడియారం పట్టుకొని కూర్చోవాలి. ఆ పరికరం అంకె రంగు మారడానికి, అలారం మోగడానికి, ఆపరేటరు క్షేత్రంలోకి మనిషిని పంపడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో విడివిడిగా రాసుకోవాలి. ఆ పరికరం మీదుగా వెళుతున్న పొరుగు కొలతలు ఏవైనా ఆగాయేమో అదే తెరపై చూడవచ్చు. పరీక్ష పూర్తయ్యాక బ్యాటరీని తిరిగి పెట్టించి, పరికరం మళ్లీ నెట్‌వర్క్‌లో చేరినట్లు నిర్ధారించుకున్న తర్వాతనే సంతకం చేయాలి.